వర్క్ ఫ్రమ్ హోమ్ ఏ ఆశ్రమం కిందికి వస్తుంది?

ఈ వారం వీడియోలో గీత ఆరో అధ్యాయం విన్నారు కదా. యోగి జనానికి దూరంగా ఒంటరిగా కూర్చోవాలి, చోటు శుభ్రంగా ఉండాలి, ఆసనం మరీ ఎత్తుగానూ మరీ పల్లంగానూ ఉండకూడదు, దర్భల మీద జింక చర్మం, దాని మీద బట్ట పరుచుకోవాలి అని కృష్ణుడు వరసగా చెప్పుకుంటూ వెళ్తాడు. వింటూ వింటూ నా గది చుట్టూ ఒకసారి చూసుకున్నాను. జనం లేరు. చప్పుడు లేదు. దర్భాసనం బదులు నడుం నొప్పి రాకుండా పదకొండు వేలు పోసి కొన్న కుర్చీ ఉంది, దాని ఎత్తు కూడా సరిగ్గా సెట్ చేసే ఉంది. ఈ లెక్కన గత మూడేళ్ళుగా నేను యోగినే. మరి యోగికి వస్తుందన్న శాంతి ఎక్కడుంది?

నా సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. హైదరాబాద్‌లో మియాపూర్ వైపు ఒక అపార్ట్‌మెంట్‌లో, నాలుగో అంతస్తులో సింగిల్ బెడ్‌రూం ఇల్లు. నేనొక్కణ్ణే. కంపెనీ బెంగళూరులో, టీంలో సగం మంది పుణెలో, మేనేజర్ వేరే దేశంలో. అమ్మానాన్న తెనాలిలో. 2020 మార్చిలో మాదాపూర్ పీజీ ఖాళీ చేసి ఇంటికెళ్ళిన బ్యాచ్ మాది. తర్వాత చాలామంది ఆఫీసులకి తిరిగి వెళ్ళారు, నేను పూర్తిగా రిమోట్ ఉద్యోగానికి మారాను. జీతం బావుంది, ట్రాఫిక్ బాధ లేదు. కానీ ఒక సోమవారం పొద్దున స్టాండప్ కాల్‌లో ‘గుడ్ మార్నింగ్’ అనబోతే గొంతు పెగల్లేదు. శుక్రవారం సాయంత్రం చివరి కాల్ దగ్గర్నుంచి అప్పటిదాకా నోరు తెరిచి ఒక్క మాట కూడా మాట్లాడలేదని అప్పుడు తట్టింది. చాట్ చేశాను, రీల్స్ చూశాను, అమ్మకి ‘తిన్నాను’ అని మెసేజ్ పెట్టాను. గొంతుతో మాత్రం పని పడలేదు.

ఇలాంటి మాట ఎవరికైనా చెప్తే, ముఖ్యంగా మన భక్తి సర్కిల్‌లో, రెండు జవాబులు వస్తాయి. ఒకటి, ‘నువ్వు ఒంటరివాడివి కావు, భగవంతుడు ఎప్పుడూ నీతోనే ఉన్నాడు’. రెండోది, ‘ఒంటరితనాన్ని ఏకాంతంగా మార్చుకో, సాధన చెయ్యి’. రెండూ అబద్ధం కాదు. కానీ రాత్రి పదింటికి గోడ వైపు చూస్తూ అన్నం తినేవాడికి అవి వేరేలా వినిపిస్తాయి. ‘నీకు భక్తి చాల్లేదు, అందుకే ఇలా ఉంది’ అన్నట్టు ఉంటాయి. ఒంటరితనం ఎలాగూ ఉంది, దాని మీద ఇంకో అపరాధ భావం. ఇది నిజంగా భక్తి లోపమేనా? మన గ్రంథాలు ఏమంటాయో చూద్దామని కూర్చున్నాను. వీకెండ్‌లకి కొదవ లేదు కదా.

మొదట నన్ను ఆపేసింది బృహదారణ్యక ఉపనిషత్తు. దాని మొదటి అధ్యాయం నాలుగో బ్రాహ్మణంలో సృష్టికి ముందు సంగతి ఉంటుంది. మొదట ఆత్మ ఒక్కటే ఉంది. అది చుట్టూ చూసింది, తను తప్ప ఇంకేమీ కనపడలేదు. భయపడింది. అందుకే ఇప్పటికీ ఒంటరిగా ఉన్నవాడు భయపడతాడని ఉపనిషత్తే అంటుంది. తర్వాత ఆలోచించింది: నేను తప్ప రెండోది లేనప్పుడు దేన్ని చూసి భయపడాలి? ఆ ఆలోచనతో భయం పోయింది. మనమైతే కథ అక్కడ ఆపేస్తాం. జ్ఞానం వచ్చింది, భయం పోయింది, శుభం కార్డు. ఉపనిషత్తు ఆపలేదు. భయం పోయినా దానికి సంతోషం రాలేదంటుంది. ఒంటరిగా ఉన్నవాడికి ఆనందం ఉండదు, అందుకే అది రెండోదాన్ని కోరుకుంది అంటుంది. సృష్టి అక్కడి నుంచి మొదలవుతుంది.

ఇది చదివాక చాలాసేపు పేజీ తిప్పలేదు. ఒంటరిగా ఉన్నప్పుడు వచ్చే భయం వేరు, సంతోషం లేకపోవడం వేరు. మొదటిదానికి ఆలోచన మందుగా పనిచేస్తుంది. ధ్యానం, జపం, ‘నాతో నేను ఉండగలను’ అనే ధైర్యం, ఇవన్నీ ఆ భయానికి మందులే. మూడేళ్ళలో నాకు భయం చాలావరకు పోయింది కూడా. రాత్రి కరెంటు పోయినా, జ్వరం వచ్చినా ఒక్కణ్ణే నెట్టుకురాగలను. కానీ రెండోది ఆలోచనతో పోయేది కాదు. దానికి ఇంకొకరు కావాల్సిందే. ఏ లోపమూ లేని ఆ మొదటి ఆత్మకే ఒక తోడు కావాల్సి వస్తే, జావా కోడ్ రాసుకునే నాకు కావాల్సి రావడం భక్తి లోపం ఎలా అవుతుంది?

ఏకాంతం అన్న మాట సంగతి కూడా చూడండి. తెలుగువాళ్ళం ఈ మాటని ఎక్కువగా విన్నది తిరుమల విషయంలోనే. 2020 మార్చి 20 నుంచి భక్తులకి దర్శనం ఆపేసినప్పుడు, లోపల కైంకర్యాలన్నీ ఏకాంతంగా జరుగుతున్నాయని రోజూ వార్తల్లో విన్నాం. ఆ సెప్టెంబరులో సాలకట్ల బ్రహ్మోత్సవాలు కూడా మాడవీధుల్లో ఊరేగింపు లేకుండా గుడి లోపలే ఏకాంతంగా చేశారు. మరి ఏకాంతం అంటే లోపల ఎవరూ లేరనా? అర్చకులున్నారు, జీయంగార్లున్నారు, వేదం చదివేవాళ్ళున్నారు, వంట చేసేవాళ్ళున్నారు. మామూలు రోజుల్లో రాత్రి చివరి సేవ పేరే ఏకాంత సేవ. భోగ శ్రీనివాసమూర్తిని వెండి గొలుసుల ఉయ్యాల మంచం మీద పవళింపజేస్తారు. తాళ్ళపాక వంశం వాళ్ళు అన్నమయ్య లాలి పాడతారు, తరిగొండ వెంగమాంబ పేరున ముత్యాల హారతి ఇస్తారు. ఏకాంతం అని పేరు పెట్టిన సేవలోనే పాలున్నాయి, పాట ఉంది, హారతి ఉంది. నాకు అర్థమైనంతలో అక్కడ ఏకాంతం అంటే మనుషులు లేకపోవడం కాదు. గుంపు వెళ్ళిపోయి దగ్గరివాళ్ళు మిగలడం.

ఇంకో సంగతి, కొంచెం సరదాగా తీసుకోండి. శ్రీవారికి రోజూ పొద్దున స్టాండప్ కాల్ ఉంటుంది. నిజం. తోమాల సేవ అయ్యాక కొలువు జరుగుతుంది. కొలువు శ్రీనివాసమూర్తిని కూర్చోబెట్టి ఆ రోజు పంచాంగం, జరగాల్సిన ఉత్సవాలు, నిన్నటి హుండీ లెక్క చదివి వినిపిస్తారు. నిన్న ఏమైంది, ఇవాళ ఏముంది. మా స్టాండప్‌లో కూడా సరిగ్గా ఇవే అడుగుతారు. తేడా ఏంటంటే అక్కడ చదివేవాళ్ళు ఎదురుగా ఉంటారు, మాకు మాత్రం పేరులోని రెండక్షరాలున్న గుండ్రటి బొమ్మలు ఉంటాయి. మూలవిరాట్టు గర్భగుడి దాటి ఎప్పుడూ బయటికి రారు. పక్కా వర్క్ ఫ్రమ్ హోమ్ అన్నమాట. అయినా వైఖానస ఆగమం ప్రకారం ఆయనకి ఐదు మూర్తులున్నాయి. వాటిలో మలయప్పస్వామి ఉత్సవమూర్తి. బయటికి వచ్చి వీధుల్లో తిరగడం, వాకిట్లో నిలబడ్డ ముసలమ్మకి కూడా కనపడటం ఆయన పని. కదలని దేవుడికి కూడా కదిలే రూపం ఒకటి పెట్టారు మన పెద్దలు.

ఇప్పుడు టైటిల్‌లో ప్రశ్నకి వద్దాం. నాలుగు ఆశ్రమాల్లో నాది ఏది? బ్రహ్మచర్యం అందామంటే చదువు అయిపోయి ఆరేళ్ళయింది. గృహస్థు అందామంటే పెళ్ళి కాలేదు (సంబంధాలు చూస్తున్నారు, ఆ కథ ఇక్కడొద్దు). వానప్రస్థానికి అడవి కాదు మియాపూర్. సన్యాసం అసలే కాదు, క్రెడిట్ కార్డు ఉంది. చదువు ముగించి స్నానం చేసి ఇంటికి వచ్చినవాణ్ణి స్నాతకుడు అన్నారు, బహుశా నేను అదే. అయితే అది గురువుగారి ఇంటికీ సొంత సంసారానికీ మధ్య దాటాల్సిన చిన్న వంతెన. మా తరం ఆ వంతెన మీదే ఫ్లాట్ అద్దెకి తీసుకుని ఏడెనిమిదేళ్ళు ఉంటోంది.

నాలుగింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఇంకో విషయం కనపడింది. బ్రహ్మచారి గురువు ఇంట్లో తోటి శిష్యులతో ఉంటాడు, రోజూ భిక్షకి వెళ్తాడు. గృహస్థు ఆ భిక్ష పెడతాడు. వానప్రస్థుడు అడవిలో ఉన్నా, వచ్చినవాళ్ళకి దుంపలో పళ్ళో పెట్టాలని మనుస్మృతి చెబుతుంది. అన్నీ వదిలేసిన సన్యాసి కూడా రోజుకోసారి ఊళ్ళోకి వచ్చి ఒక గడప ముందు నిలబడాలి. అంటే ఎంత ఏకాంతం కోరుకున్నవాడికైనా రోజుకి ఒక్కసారైనా ఇంకొకరి గడపతో పని పడేలా పెట్టారు. ఎవరికీ నాతో పని లేదు, నాకు ఎవరితోనూ పని లేదు అనే జీవితం నాలుగింటిలో ఎక్కడా లేదు. అది మనం కొత్తగా కట్టుకున్న ఐదో ఆశ్రమం. దానికి శాస్త్రం రాయలేదు, యాప్‌లు మాత్రం రాశాం. రాసినవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

తిండి దగ్గరే ఇది బాగా తెలుస్తుంది. ఋగ్వేదం పదో మండలంలో 117వ సూక్తం అన్నదానం గురించి. ఒక్కడే తినేవాడు పాపం కూడా ఒక్కడే మూటగట్టుకుంటాడని అందులో ఉంది. గీత మూడో అధ్యాయం 13వ శ్లోకంలో కృష్ణుడు కూడా, తమ కోసమే వండుకునేవాళ్ళు తినేది పాపాన్నే అంటాడు. మొదటిసారి చదివినప్పుడు నాకు ఒళ్ళు మండింది. పక్కన ఎవరూ లేకపోవడమే నా బాధ అయితే, మళ్ళీ అది పాపం కూడానా? ఎవరితో తినమంటారు? పుణెలో ఉన్న టెస్టర్‌తోనా?

ఆ కోపం తగ్గింది విష్ణుపురాణం మూడో అంశం దగ్గర. అక్కడ గృహస్థు దినచర్య చెప్తూ, వంట అయ్యాక తను తినేముందు వాకిట్లోకి వచ్చి అతిథి కోసం చూడాలి అంటారు. ఎంతసేపు? ఆవు పాలు పితికేంత సేపు. ఓపిక ఉంటే ఇంకాసేపు. ఆ కొలత నాకు భలే నచ్చింది. మా నాయనమ్మ గేదె పాలు తీసేటప్పుడు పక్కన కూర్చునేవాణ్ణి, చిన్న చెంబుతో మొదలుపెట్టి తపేలా నిండేసరికి పది, పన్నెండు నిమిషాలు పట్టేది. అతిథిని తీసుకురమ్మని శాస్త్రం అనడం లేదు. వస్తాడనీ మాట ఇవ్వడం లేదు. వచ్చేది రానిది నా చేతిలో లేదు. ఆ పది నిమిషాలు తలుపు తీసి నిలబడటం ఒక్కటే నా పని.

అతిథి అన్న మాటకి మన పెద్దలు చెప్పే అర్థం కూడా తెలుసు కదా, తిథి చూసుకోకుండా వచ్చేవాడు. మా భాషలో చెప్పాలంటే క్యాలెండర్ ఇన్వైట్ లేకుండా వచ్చేవాడు. మా జీవితంలో అలాంటివాడు ఒక్కడు కూడా లేడు! ప్రాణ స్నేహితుడికి ఫోన్ చెయ్యాలన్నా ముందు ‘ఫ్రీయేనా, కాల్ చెయ్యొచ్చా’ అని మెసేజ్ పెడతాం. చెప్పకుండా ఫోన్ మోగితే ఎవరికేమైందోనని గుండె దడ. ఆఫీసులో ఉన్నప్పుడు మనకి దొరికింది, ఇప్పుడు పోయింది ఇదేనని నాకనిపిస్తుంది. మీటింగులు అప్పుడూ ఉన్నాయి, ఇప్పుడూ ఉన్నాయి. టీ మెషీన్ దగ్గర ఎదురుపడి ‘ఏంటి బ్రో, అలా ఉన్నావ్’ అని అడిగేవాడు లేడు. వాడు ఏ తిథీ లేకుండా వచ్చేవాడు. మనం వాణ్ణి అతిథి అనుకోలేదు, కొలీగ్ అనుకున్నాం.

ఇప్పుడు మా గుమ్మానికి రోజూ ఎవరో ఒకరు వస్తారు నిజానికి. మే నెల ఎండలో లిఫ్ట్ పాడైతే నాలుగు అంతస్తులు ఎక్కి వస్తారు. యాప్‌లో ‘తలుపు దగ్గర పెట్టి వెళ్ళండి’ అని ఒక ఆప్షన్ ఉంటుంది. కరోనా రోజుల్లో అది ప్రాణాలు కాపాడింది, కాదనను. కానీ జబ్బు తగ్గాక కూడా మందు కొనసాగించాం. అన్నం గుమ్మం దగ్గరికి వస్తోంది, తెచ్చిన మనిషి మొహం మాత్రం చూడం. వాకిట్లో నిలబడి మనిషి కోసం ఎదురుచూసిన ఆచారం, మనిషి వెళ్ళిపోయేదాకా తలుపు తీయకుండా ఆగే ఆచారంగా మారింది. ఇందులో తప్పు ఫలానావాళ్ళదని నేను అనను. పద్ధతే అలా ఉంది.

అందుకని మధ్యాహ్నం ఒంటిగంటకి క్యాలెండర్‌లో లంచ్ అని బ్లాక్ పెట్టి, అన్నం కుక్కర్ దించాక మెయిన్ డోర్ తీసి పెట్టడం మొదలుపెట్టాను. కొన్న తిండి బదులు వారంలో నాలుగు రోజులు వండుకోవడం కూడా అప్పటి నుంచే. అలా తీసి పెట్టుకుని కూర్చోవడం మొదట్లో కొంచెం వింతగానే ఉంది. మొదటివారం ఎవరూ రాలేదు. లిఫ్ట్ పైకి వెళ్ళే చప్పుడు, కింద ఫ్లోర్‌లో ఎవరిదో మిక్సీ. రెండోవారం ఒక పిల్లి వచ్చింది. పెరుగన్నం పెట్టాను. పంచ మహాయజ్ఞాల్లో భూతయజ్ఞం అంటే ఇదే కదా, జంతువులకీ పక్షులకీ ఓ ముద్ద. బియ్యప్పిండితో వేసిన ముగ్గు చీమలకి తిండి అని మన అమ్మమ్మలు అనేది కూడా ఇదే.

మూడోవారంలో ఎదురింటి అంకుల్ తొంగి చూశారు. రైల్వేలో పనిచేసి రిటైరయ్యారు. అంతకుముందు ఆయనా నేనూ లిఫ్ట్‌లో తల ఊపుకోవడం తప్ప మాట్లాడుకున్నది లేదు.

‘బాబూ, ఏమన్నా పనిలో ఉన్నావా?’

‘లేదంకుల్, చెప్పండి.’

‘బతికే ఉన్నానని ఫోన్‌లో చెప్పాలట. మావాడు అమెరికా నుంచి వీడియో కాల్‌లో చెప్తూనే ఉన్నాడు, నాకే ఎక్కడం లేదు.’

నవంబరు నెల. పెన్షన్ తీసుకునేవాళ్ళు ఏటా ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్. ఇప్పుడు జీవన్ ప్రమాణ్ యాప్‌లో మొహం చూపించి కూడా ఇవ్వొచ్చు. రెండు యాప్‌లు వేసి, ఆధార్ నంబరు కొట్టి, ఫోన్ ఆయన మొహానికి ఎదురుగా పట్టుకున్నాను. కళ్ళు ఆర్పమని అడుగుతుంది అది. అంకుల్ ఫోటో అనుకుని కళ్ళు ఇంకా పెద్దవి చేసి చూస్తున్నారు. ‘ఆర్పండి అంకుల్, ఆర్పండి’ అని నేను. మూడోసారికి తీసుకుంది. స్క్రీన్ వైపు చూసి, ‘పోన్లే, ఇంకో ఏడాది ఉన్నట్టే’ అని నవ్వారు. నా ల్యాప్‌టాప్‌లో అప్పటికే నా పేరు పక్కన పచ్చ చుక్క పసుపు రంగులోకి మారిపోయింది. మౌస్ ఐదు నిమిషాలు కదపకపోతే అంతే. ఆయన బతికున్నానని ఏడాదికోసారి చెప్పాలి, నేను ఐదు నిమిషాలకోసారి చెప్పాలి! సాయంత్రం ఆంటీ ఉసిరికాయ పచ్చడి పంపించారు, కార్తీకమాసం కదా. గిన్నె ఖాళీగా ఇవ్వకూడదని అమ్మ ఫోన్‌లో చెప్తే అటుకులు, బెల్లం కొని అందులో పోసి ఇచ్చాను.

ఇది ఒక ఫ్రెండ్‌కి చెప్తే వాడు ఒక మంచి ప్రశ్న వేశాడు. ‘నువ్వు చేసింది సేవ ఎలా అవుతుందిరా? నీ ఒంటరితనానికి మందుగా అంకుల్‌ని వాడుకుంటున్నావ్.’ ఈ ప్రశ్నని తేలిగ్గా తీసుకోకూడదు. నాకు బోర్ కొడుతోంది కాబట్టి డెలివరీ కుర్రాణ్ణి గుమ్మంలో ఆపి కబుర్లు చెప్తే అది అతని టైం తినెయ్యడమే, అతనికి ఇంకో ఆర్డర్ ఉంటుంది. మంచినీళ్ళు కావాలా అని అడగడం వరకే నా హద్దు. అతిథి మన మనసుకి మాత్ర కాదు. నాకు దొరికిన జవాబు ఏంటంటే, శాస్త్రం దీన్ని సేవ అనలేదు, బాకీ అంది. మనిషి పుట్టడమే బాకీలతో పుడతాడని శతపథ బ్రాహ్మణంలో ఉంది. దేవతలకి, ఋషులకి, పితృదేవతలకి, వాళ్ళతోపాటు మనుషులకి కూడా. మనుషుల బాకీ ఎలా తీరుతుంది? చోటిచ్చి, అన్నం పెట్టి. ఈఎంఐ కట్టేటప్పుడు సంతోషంగా కట్టావా, ఏడుస్తూ కట్టావా అని బ్యాంకు అడగదు. తేదీకి పడిందా లేదా అన్నదే లెక్క. నా మనసు శుద్ధి అయ్యాకే తలుపు తీస్తానంటే ఈ జన్మకి తీయను.

ఏకాంతం వద్దని మాత్రం నేను అనడం లేదు. గీత పదమూడో అధ్యాయంలో జ్ఞానలక్షణాల లిస్టులోనే, నిశ్శబ్దమైన చోటు ఇష్టపడటం, గుంపు మీద మోజు లేకపోవడం ఉన్నాయి. తరిగొండ వెంగమాంబ తుంబురుకోనలో ఏకాంతంగా తపస్సు చేసుకున్నారని చెప్తారు. ఇప్పుడు తిరుమలలో రోజూ వేలమంది కూర్చుని భోంచేసే అన్నప్రసాద భవనానికి ఉన్నది ఆవిడ పేరే. మనం వీడియోలో విన్న ఆరో అధ్యాయం కూడా ఒంటరి ఆసనంతో మొదలై, 32వ శ్లోకానికి వచ్చేసరికి పక్కవాడి సుఖదుఃఖాల్ని తనవిగా చూసేవాడే గొప్ప యోగి అనే దగ్గరికి వస్తుంది. లోపల కూర్చున్నది బయటివాళ్ళు కనపడటానికే అన్నమాట.

అందరి ఇల్లూ నా ఇల్లులా ఉండదని తెలుసు. మా టీంలో ఒక అక్క ఉంది. రెండేళ్ళ బాబు, అత్తగారు, మామగారు, కుక్కర్ విజిల్ మధ్య కాల్స్. బాత్రూంలో గడియ పెట్టుకుని ఐదు నిమిషాలు కూర్చోవడమే తన ఏకాంతం అంటుంది. చుట్టూ ఇంతమంది ఉన్నా పొద్దున్నుంచి ‘నువ్వెలా ఉన్నావ్’ అని అడిగినవాళ్ళు లేరట. తన విషయంలో ధర్మం తలుపు తీయడం కాదు. ఇంట్లోవాళ్ళు తన కోసం ఒక తలుపు వేసి, బాబుని ఎత్తుకుని కాసేపు అలా బయటికి తీసుకెళ్ళడం.

ఇంకొకటి కూడా చెప్పాలి. నిద్ర పట్టకపోవడం, దేని మీదా ఆసక్తి లేకపోవడం, బతకడం ఎందుకనే ఆలోచన రావడం, ఇవి వారాల తరబడి ఉంటే అక్కడికి నేను చెప్పిన పిల్లీ పెరుగన్నం సరిపోవు. అర్జునుణ్ణే చూడండి. పద్దెనిమిది అక్షౌహిణుల మధ్య నిలబడి కూడా ఒంటరివాడయ్యాడు. చేతులు వణికాయి, నోరు ఎండిపోయింది. ‘అంతా నీ మనసులోనే ఉంది’ అని కృష్ణుడు రథం దిగి వెళ్ళిపోలేదు. పక్కనే ఉండి ప్రశ్న మీద ప్రశ్న అడగనిచ్చాడు. గీత అంతా ఇద్దరు మాట్లాడుకున్నదే, ఒక్కడు రాసుకున్న డైరీ కాదు. అలా మాట్లాడటానికి పక్కన ఎవరూ లేకపోతే 14416కి ఫోన్ చెయ్యండి. అది కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలిమానస్ నంబరు. ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, డబ్బులు తీసుకోరు, తెలుగులో మాట్లాడతారు. అక్కడ ఫోనెత్తే మనిషికి ముందే ‘ఫ్రీయేనా’ అని మెసేజ్ పెట్టక్కర్లేదు.

నాకు రాత్రులు ఇంకా పొడుగ్గానే ఉన్నాయి. ఆదివారం సాయంత్రాలు మరీనూ. ఉపనిషత్తు చెప్పిన ఆ రెండో మనిషి ఎప్పుడు ఎలా వస్తారో పంచాంగం చూసి చెప్పేవాళ్ళు మా ఇంట్లో చాలామందే ఉన్నారు, వాళ్ళ పని వాళ్ళు చేస్తున్నారు. అప్పటిదాకా ఒంటిగంటకి తలుపు తీస్తున్నాను. అంకుల్ వారానికి రెండుసార్లయినా ఏదో ఒక ఓటీపీ పట్టుకుని వస్తారు. పిల్లికి ఇప్పుడు టైం తెలుసు.

మా ఫ్లోర్‌లో చివర ఇంకో ఇల్లుంది. దాని తలుపు ఎప్పుడూ వేసే ఉంటుంది. ముందు మ్యాట్ మీద రోజూ మధ్యాహ్నం ఒకటీ రాత్రి ఒకటీ పార్సిల్ కవర్లు ఉంటాయి, కాసేపటికి లోపలికి వెళ్ళిపోతాయి. నేను తెప్పించుకునే హోటల్ కవర్లే. తీసుకునే చెయ్యి మాత్రం ఒక్కసారి కూడా చూడలేదు. అంకుల్‌ని అడిగితే, ‘ఎవరో కుర్రాడే బాబూ, నీలాగే కంప్యూటర్ పని అనుకుంటా’ అన్నారు. కార్తీకం ఇంకో పది రోజులుంది. శనివారం పులిహోర చేసి బెల్లు కొడదామనుకుంటున్నాను. వస్తున్నానని ముందు మెసేజ్ పెడదామంటే నా దగ్గర అతని నంబరు లేదు.